డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ప్లాస్టిక్ కవర్) మనమే విప్పి స్పీకర్లు మార్చుకోవచ్చా? (2016 స్విఫ్ట్)

ప్రశ్న:

నమస్తే అందరికీ. నాది 2016 స్విఫ్ట్, ఉండేది ఖమ్మంలో. డ్రైవర్ వైపు ముందు డోర్ స్పీకర్ నెల రోజులుగా గరగరమంటోంది, కాస్త సౌండ్ పెంచితే పాట కంటే ఆ గరగరే ఎక్కువ వినిపిస్తోంది. ఎలాగూ మార్చాలి కదా, ముందు రెండు డోర్లకీ మంచివే వేద్దామనుకుంటున్నా. షాపులో అడిగితే వైరు కట్ చేసి కలపాల్సిందే అన్నారు, నాకేమో ఫ్యాక్టరీ వైరింగ్ మీద కత్తెర పెట్టడం ఇష్టం లేదు. ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీలు నేనే విప్పుతుంటా కానీ కారు డోర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. క్లిప్పులు విరిగితే ఎలా, తర్వాత గ్లాస్ దిగకపోతే ఎలా అని ఒకటే టెన్షన్. స్వయంగా చేసుకున్నవాళ్లు ఎవరైనా వరసగా చెప్తారా?

జవాబు:

బ్రదర్, నిక్షేపంగా చేసుకోవచ్చు. మొదటి డోర్‌కి రెండు గంటలు పడుతుంది, రెండోది ముప్పావు గంటలో అయిపోతుంది. కానీ కొనేముందు ఒక పని చేయండి. స్టీరియోలో బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) తిప్పి ఆ ఒక్క స్పీకర్ మాత్రమే మోగేలా పెట్టి వినండి. గరగర నిజంగా స్పీకర్‌దేనా, లేక ప్యాడ్‌లో క్లిప్ వదులై ప్లాస్టిక్ అదురుతోందా? ప్యాడ్‌ని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే చప్పుడు ఆగిపోయిందంటే స్పీకర్ బాగానే ఉన్నట్టు. మా బంధువు ఒకాయన ఇది చూసుకోకుండా కొత్త స్పీకర్లు వేయించుకున్నారు, గరగర అలాగే ఉంది.

స్పీకరే పోయిందని తేలితే, పని మొదలుపెట్టే రోజు కారుని ఒక గంట ఎండలో పెట్టండి. చలికాలం పొద్దున్నే మాత్రం వద్దు, చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, అదే కాస్త వేడెక్కితే మెత్తబడి సాఫీగా వస్తాయి. గ్లాస్ పూర్తిగా పైకి ఎత్తేసి, తాళం జేబులో పెట్టుకుని, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ 10 నంబర్ స్పానర్‌తో తీసేయండి.

స్క్రూలన్నీ కనబడవు, దాచి ఉంటాయి. లోపలి హ్యాండిల్ వెనక గుంటలో ఒకటి, డోర్ లాగే చోట చెయ్యి పట్టే గుంట అడుగున ఒకటి వెతకండి, వాటి మీద చిన్న మూత ఉంటే గోటితో లేపండి. పవర్ విండో స్విచ్‌ల ప్యానెల్‌ని ఒక చివర నుంచి లేపి కింద ఉన్న కప్లర్ (వైర్ల ప్లగ్) నాలుకని నొక్కి ఊడదీయండి, వైరు పట్టుకుని మాత్రం లాగకండి. మిర్రర్ దగ్గరి త్రికోణం ముక్క కూడా ముందే తీసేసుకుంటే మంచిది. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ పోండి. ఒక్క స్క్రూ మర్చిపోయి ప్యాడ్ లాగితే ఆ చోట ప్లాస్టిక్ చీలిపోతుంది, కాబట్టి ఎక్కడైనా అస్సలు కదలట్లేదంటే బలం పెంచకుండా ఆగి, ఇంకో స్క్రూ ఉందేమో చూడండి.

తర్వాత క్లిప్పులు. కింది మూల నుంచి మొదలుపెట్టి, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌ని క్లిప్‌కి వీలైనంత దగ్గరగా దూర్చి ఒక్కొక్కటీ లేపాలి. ఇనుప స్క్రూ డ్రైవర్ అయితే పెయింట్ గీరుకుంటుంది, తప్పకపోతే మొనకి టేప్ చుట్టండి. ఠప్ మని శబ్దం వస్తుంది, కంగారు పడకండి, అది క్లిప్ ఊడిన శబ్దమే. ముందే ఓ పది క్లిప్పులు స్పేర్ షాపులో కొని దగ్గర పెట్టుకోండి, ఒకటి రెండు విరిగినా పని ఆగదు. క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ని పక్కకి కాదు, నిలువుగా పైకి ఎత్తాలి, పై అంచు గ్లాస్ దగ్గర తగిలించి ఉంటుంది. ఎత్తాక కూడా లోపలి హ్యాండిల్ కేబుల్ ప్యాడ్‌ని పట్టుకునే ఉంటుంది, మోకాలితో ప్యాడ్‌ని ఆనించుకుని ఆ కేబుల్ విప్పండి.

ఇప్పుడు అసలు విషయం, దయచేసి ఇది వదిలేయకండి. ప్యాడ్ తీయగానే డోర్ ఇనుముకి నల్ల బంకతో అంటించిన ప్లాస్టిక్ షీట్ కనబడుతుంది. చూడ్డానికి ప్యాకింగ్ కవర్‌లా ఉంటుంది, అందుకే చాలామంది చింపి అవతల పారేస్తారు. వానలో గ్లాస్ మీద పడ్డ నీళ్లు బయటి రబ్బరు దాటి డోర్ లోపలికే దిగుతాయి, కింద అంచున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. డోర్ అలాగే తయారుచేస్తారు. ఆ నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఈ షీటే. నా మొదటి కారుకి స్పీకర్లు బిగించినాయన షీట్‌ని అడ్డంగా కోసి వదిలేశాడు, నాకు తెలియదు. జూలైలో రెండు రోజులు ముసురు పట్టాక కార్పెట్ కింద చెయ్యి పెడితే స్పాంజిలా నీళ్లు. ప్యాడ్ విప్పి బయట నుంచి మగ్గుతో గ్లాస్ మీద నీళ్లు పోస్తే, కోసిన చోటి నుంచి సన్నటి ధార స్పీకర్ వెనక నుంచి జారి ప్యాడ్ మీదికి దిగడం కళ్లారా చూశాను. సీటు తీసి కార్పెట్ మూడు రోజులు ఎండబెట్టినా ఆ ముక్క వాసన పోవడానికి నెల పట్టింది.

కాబట్టి షీట్‌ని స్పీకర్ వరకు ఎంత అవసరమో అంతే, నెమ్మదిగా లాగుతూ తీయండి. ఎండకి వేడెక్కి ఉంటే బంక సాగుతూ వస్తుంది. బంక మీద దుమ్ము పడనివ్వకండి, తిరిగి అదే అతుక్కుంటుంది. చాలకపోతే బ్యూటైల్ టేప్ (బంకలా సాగే నల్ల రబ్బరు టేప్) వాడండి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, అది ఇనుముకి తుప్పు పట్టిస్తుంది.

ఇంకో జవాబు:

బాబూ, నేను పాతికేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పైన చెప్పింది సరిగ్గా ఉంది, వైరింగ్ సంగతి నేను చెప్తా. వైరు కట్ చేయాల్సిన పనే లేదు. మీ కారు స్పీకర్ ప్లగ్‌కి సరిపోయే కప్లర్ వైర్లు విడిగా దొరుకుతాయి, ఒకవైపు కంపెనీ ప్లగ్‌లోకి, ఇంకోవైపు కొత్త స్పీకర్‌కి. రేపు కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్ తిరిగి పెట్టుకోవచ్చు కూడా.

ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఒక స్పీకర్ తిరగబడిందంటే ఒకటి ముందుకి తోసినప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది, బేస్ మొత్తం మాయమవుతుంది, స్పీకర్ బాలేదని కంపెనీని తిడతారు. అనుమానం వస్తే పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని, సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించు. కోన్ (స్పీకర్ మధ్యలో అదిరే గరాటు లాంటి భాగం) బయటికి వచ్చిందంటే గుర్తు సరైనదే. పాత స్పీకర్‌కి కూడా ఇలాగే చేసి కారు వైరులో ఏది ప్లస్సో రాసి పెట్టుకో.

వాట్స్ చూసి మోసపోవద్దు. స్టీరియో మీద 50x4 (నాలుగు స్పీకర్లకి తలా 50 వాట్లు) అని రాసి ఉన్నా ఒక్కో స్పీకర్‌కి నిలకడగా వచ్చేది దాదాపు 20 వాట్లే. అందుకని అట్టపెట్టె మీద 300, 400 వాట్లు కాదు, సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్ లెక్క) ఎంతో చూడు. 88 డెసిబెల్ స్పీకర్ 91 దానంత గట్టిగా మోగాలంటే రెట్టింపు పవర్ కావాలి. విడిగా యాంప్లిఫయర్ పెట్టనప్పుడు 90 పైన ఉన్నది, 4 ఓమ్స్‌ది తీసుకో. 2 ఓమ్స్‌ది వేస్తే స్టీరియో వేడెక్కుతుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లున్న కొత్త కార్లలో కొన్నింటికి డోర్ లోపలే గుద్దుకున్నప్పుడు గాలి ఒత్తిడిని పట్టే సెన్సర్ ఉంటుంది. అలాంటి డోర్ షీట్ చింపడం, కన్నాలు చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 2016 స్విఫ్ట్‌లో ఆ గొడవ లేదు.

అడిగినవారు:

అన్నా, బాబాయ్ గారూ, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఆదివారం మొదలుపెట్టాను. గరగర స్పీకర్‌దే, బయటికి తీసి చూస్తే కోన్ చుట్టూ ఉండే అంచు ఒకవైపు ఊడిపోయి ఉంది. క్లిప్పులు రెండే విరిగాయి. కొత్తది 6.5 అంగుళాలదే తెచ్చా కానీ మాగ్నెట్ పాతదాని కంటే బాగా లోతుగా ఉంది. ఇలా బిగించేయొచ్చా?

జవాబు:

బిగించే ముందే అడిగారు, మంచి పని చేశారు. స్పీకర్‌ని చేత్తో దాని చోట పట్టుకుని, స్విచ్ ప్యానెల్‌కి కప్లర్ పెట్టి, బ్యాటరీ టెర్మినల్ తగిలించి గ్లాస్‌ని కొంచెం కొంచెంగా కిందికి దించండి, పూర్తిగా దిగేదాకా కన్నంలోంచి టార్చి వేసి చూస్తూ ఉండండి. మాగ్నెట్‌కీ గ్లాస్‌కీ మధ్య కనీసం వేలు పట్టే సందు ఉండాలి. లేకపోతే ప్లాస్టిక్ స్పేసర్ రింగ్ వేయాలి, అప్పుడు స్పీకర్ ముందుకి వస్తుంది. అయితే మరీ ముందుకి వస్తే ప్యాడ్ మీది స్పీకర్ జాలీకి వెనక నుంచి తగులుతుంది, అందుకని ప్యాడ్‌ని ఒకసారి ఊరికే ఆనించి చూసుకోండి. ప్లైవుడ్ రింగ్ కోయించుకుంటే మాత్రం రెండు కోట్లు వార్నిష్ వేయండి, లోపల తడి ఉంటుందని చెప్పాను కదా.

రింగ్‌కీ ఇనుముకీ మధ్య ఫోమ్ టేప్ ఒక చుట్టు వేయడం మర్చిపోవద్దు. కోన్ ముందుకి తోసే గాలి, వెనక్కి తోసే గాలి ఆ సందులో కలిశాయంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బేస్ రాదు. స్పీకర్‌కి డోరే పెట్టె. ఓపిక ఉంటే స్పీకర్ వెనక బయటి రేకు మీద డ్యాంపింగ్ షీట్ (రేకు అదురు తగ్గించే షీట్) ఒక ముక్క రోలర్‌తో అదిమి అంటించండి. కింది నీటి కన్నాలు మాత్రం మూసుకోకుండా చూసుకోండి.

అడిగినవారు:

అయిపోయిందన్నా! స్పేసర్ వేశాక గ్లాస్‌కి సందు బాగానే వచ్చింది. ప్యాడ్ ఎక్కించకముందే మగ్గుతో నీళ్లు పోసి చూశా, కింది కన్నాల్లోంచే పోయాయి, లోపల ఒక్క చుక్క కూడా రాలేదు. సౌండ్ అయితే చెప్పలేను, మృదంగం చెవి పక్కనే వాయిస్తున్నట్టుంది. ఒక్కటే, డోర్ గట్టిగా వేస్తే లోపల టక్ మని చిన్న చప్పుడు వస్తోంది, ఇంతకుముందు లేదు.

జవాబు:

లాక్ రాడ్‌ని (డోర్ లోపల లాక్‌ని కదిలించే సన్న కడ్డీని) పట్టుకునే చిన్న ప్లాస్టిక్ క్లిప్ ఊడిపోయి ఉంటుంది, లేదంటే విడిచిపెట్టిన కప్లర్ వైరు రేకుకి కొట్టుకుంటోంది. ప్యాడ్ మళ్లీ విప్పి, రాడ్ చుట్టూ కొంచెం స్పాంజి టేప్ చుట్టి, వైరుని ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టేయండి. రెండోసారి కదా, పది నిమిషాల్లో ఊడుతుంది.