గతకాలము మేలా, గతకాలమె మేలా?

ఉప్పుగాలి:
ఒక్క అక్షరం నిన్న రాత్రి నుంచి నన్ను పీడిస్తోంది. మీరే తేల్చాలి.

ఇంట్లో ‘మిడ్‌నైట్ ఇన్ ప్యారిస్’ మళ్ళీ చూశాం. 2011 సినిమా, ఇక్కడ చాలామంది చూసే ఉంటారు కాబట్టి కథంతా చెప్పను. అర్ధరాత్రి గంటలు కొట్టగానే పాత కారు వచ్చి ఆగడం, అందులో ఎక్కిన రచయిత గిల్ 1920ల్లో దిగడం, హెమింగ్వేతో కబుర్లు, ఏడ్రియానా మీద మనసు పడడం. ఆవిడకేమో తన 1920లు కంటికి ఆనవు. 1890ల నాటి ప్యారిసే ప్యారిస్ అంటుంది. తీరా ఇద్దరూ ఆ కాలానికి వెళ్తే, అక్కడ చిత్రకారులు గోగాఁ, దేగా కూర్చుని తమ తరంలో సరుకు లేదనీ, పునర్వికాస (రినైజాన్స్) కాలంలో పుట్టి ఉంటే బాగుండేదనీ అంటారు. ఆ మాట చెవిన పడగానే నన్నయ భారతంలోని పాదం నా నోటంట వచ్చేసింది: “గతకాలమె మేలు వచ్చుకాలముకంటెన్.”

మా ఆవిడ రిమోట్ తీసి సినిమా ఆపేసింది. “మె కాదు, ము. గతకాలము మేలు.” ఆవిడది రాజమండ్రి. నన్నయ తమ ఊరివాడన్న ధీమా ఎలాగూ ఉంది. నేను లేచి మా నాన్నగారి నోట్‌బుక్ తీశాను. పాతనగరంలో ఉన్నప్పుడు ఆయన పద్యాలు ఎత్తి రాసుకున్న పుస్తకం. ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టి, నడిమి కాగితాల మీద గోధుమరంగు మరకలు దిగాయి. పద్యం మాత్రం చక్కగా ఉంది, నీలం సిరాతో:

మతిఁ దలపఁగ సంసారం
బతిచంచల మెండమావు లట్టుల సంపత్
ప్రతతు లతిక్షణికంబులు
గతకాలమె మేలు వచ్చుకాలముకంటెన్

స్పష్టంగా “మె”. దాని కింద సన్నగా గీత కూడా గీశారు. ఎందుకు గీశారో నాకు తెలియదు. ఇప్పుడు ఏది సరి?

శకటరేఫ:
మీ ఇంటావిడే సరి. ముప్పయ్యేళ్ళు ఈ పద్యం పాఠం చెప్పాను, అచ్చు పుస్తకంలో “ము” అనే ఉంటుంది. ఎవరైనా గణాలు కట్టి తేలుస్తామంటారేమో, ముందే చెబుతున్నాను, అది తేలదు. గతకా–లముమే–లువచ్చు–కాలము–కంటెన్. మూడో పాదంతో కలిపి లెక్కపెడితే ఆరో గణం జగణం, ముద్దుగా కుదిరింది. ము తీసి మె పెట్టండి, లఘువు స్థానంలో లఘువే. యతి గ–కాల దగ్గర, ప్రాస తకారం. ఛందస్సు ఆ అక్షరం జోలికే రాదు. అర్థంతోనే తేల్చాలి.

అర్థంలో చూస్తే, “కంటెన్” అని ఒకసారి పోల్చాక మళ్ళీ అవధారణ, అంటే నొక్కి చెప్పడం, ఎందుకు? నన్నయది అక్షరరమ్యత. అక్కర్లేని చోట ఏకారం తోసే మనిషి కాదు.

సంపెంగ:
మాస్టారూ, అవధారణ ఎందుకు అంటారేమిటి? “వాడికంటె వీడే నయం” అని రోజూ అంటాం. “వాడికంటె వీడు నయం” అని కూడా అంటాం. రెండూ ఒకటి కాదు. రెండోది తీర్పు. మొదటిది, ఇద్దరి మీదా ఆశ లేనప్పుడు అనే మాట. పెళ్ళిచూపుల్లో నలుగురిని చూసి వచ్చిన అత్త “ఆ గాజువాక అబ్బాయే నయం” అందంటే, ఆ అబ్బాయి గొప్పవాడని కాదు కదా.

ఇప్పుడు పద్యం ఎవరు ఎవరితో అంటున్నారో చూడండి. పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అంటున్నాడు. ఆవిడ గతకాలం ఏం బావుందని? ఇద్దరు కొడుకులు, చిత్రాంగదుడు, విచిత్రవీర్యుడు, కళ్ళముందే పోయారు. ఇప్పుడు మనవడు. అలాంటి తల్లితో “గతకాలము మేలు” అని తీర్పు చెబితే గుండె తరుక్కుపోదూ? “గతకాలమె మేలు” అంటే, అమ్మా, అదీ బాగోలేదు, కానీ రాబోయేదాని ముందు అదే నయం అని. ఆ మాట విన్నాకే కదా ఆవిడ కోడళ్ళను తీసుకుని అడవికి వెళ్ళిపోయింది. నా ఓటు “మె”కి.

ఉప్పుగాలి:
సంపెంగ గారూ, ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత “అయినా నన్నయ అలా రాయలేదుగా” అంది.

శకటరేఫ:
అదీ మాట! పద్యం ఎలా ఉంటే మనకు బావుంటుంది అన్నది వేరు, కవి ఏం రాశాడన్నది వేరు. అమ్మా సంపెంగా, నీకు సంస్కృతం బాగా వచ్చు, మూలం చూడు. అక్కడ “అతిక్రాంతసుఖాః కాలాః” అని ఉంది. సుఖం దాటిపోయింది అన్నాడు. అంటే ఒకప్పుడు సుఖం ఉన్నట్టే. నీ సత్యవతి వాదానికి మూలం సాయం రాదు.

సంపెంగ:
మూలం దగ్గరికే వెళ్దాం మాస్టారూ. “శ్వః శ్వః పాపీయదివసాః పృథివీ గతయౌవనా.” రేపు, ఆ పై రేపు, ఒకదాన్ని మించి ఒకటి పాపపు రోజులు. భూమికి యౌవనం వెళ్ళిపోయింది. ఎంత మాట! నన్నయ ఇంత పోలికని వదిలేసి, ఎండమావులు తెచ్చుకున్నాడు. నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం. వదల్లేదేమో. “గతయౌవనా”లోని “గత” వచ్చి “గతకాలము”లో కూర్చుంది. భూమి యౌవనాన్ని కాలానికి ఇచ్చాడు. దీనికి నా దగ్గర ఆధారం లేదు, నా చెవి తప్ప.

నిన్నటి సినిమా కూడా ఇదే శ్లోకం. ఏడ్రియానాకి ఏ నగరమైనా తను పుట్టకముందే పడుచుగా ఉంది. అందుకే 1890ల్లోనే ఉండిపోయింది.

జగదాంబ సెంటర్:
అందరూ ప్యారిస్ వెళ్ళిపోయారు, మన దగ్గర లేనట్టు. 1991లో సింగీతం వారి ‘ఆదిత్య 369’ వచ్చింది. అందులో ఒకే యంత్రం రాయలవారి కాలానికీ తీసుకెళ్తుంది, 2504కీ తీసుకెళ్తుంది. రాయల సభలో పద్యం, నాట్యం, తెనాలి రామకృష్ణుడు. 2504లో ఏముంది? ప్రపంచయుద్ధం అయిపోయి మనుషులు నేల కింద బతుకుతుంటారు. నన్నయ కందం నాలుగో పాదాన్ని రెండు సెట్లు వేసి చూపించినట్టు ఉంటుంది. గతకాలం ఒక సెట్టు, వచ్చుకాలం ఒక సెట్టు. ప్యారిస్ సినిమాలో వెనక్కి పోవడమే తప్ప “వచ్చుకాలము” లేదు. కాబట్టి ఈ పాదం సగమే దానికి వర్తిస్తుంది.

ఇంకోటి. “వచ్చు” అంటే రావచ్చు, రాకపోవచ్చు అనే అర్థం తీసుకోకూడదా? ఖాయంగా తెలియని కాలం కంటే తెలిసిన కాలం మేలు అని.

శకటరేఫ:
కూడదు నాయనా. పారు నీరు, వీచు గాలి, వచ్చు కాలము. తద్ధర్మ విశేషణం. “రావచ్చు”లో ఉన్న “వచ్చు” ఇక్కడ పనిచేయదు.

జగదాంబ సెంటర్:
సరే మాస్టారూ. కానీ 2504 సంగతి మీరు ఒప్పుకోవాలి.

రామతీర్థం:
ఇంతసేపు ఇంతమంది మాట్లాడారు, ఉత్తరాంధ్రలో ఉండి ఒక్కరికీ గురజాడ గుర్తు రాలేదా? నన్నయకి ఎనిమిదిన్నర శతాబ్దాల తరవాత మా విజయనగరం నుంచి జవాబు వెళ్ళింది:

వెనక చూసిన కార్యమేమోయ్
మంచి గతమున కొంచెమేనోయ్

మాటకు మాట చూడండి. అక్కడ “గతకాలము”, ఇక్కడ “గతమున”. అక్కడ “మేలు”, ఇక్కడ “మంచి”. నన్నయ పాదం మనసులో పెట్టుకునే రాశాడని నేను నమ్ముతాను. అప్పారావు గారికి భారతం కొత్త కాదు. మీరంతా ఏ ఏకారం కోసం కొట్టుకుంటున్నారో, సరిగ్గా ఆ ఏకారాన్ని ఆయన తీసుకెళ్ళి అవతలి పక్షాన నిలబెట్టాడు. “కొంచెమే.” ఆ తరవాత “వెనుకబడితే వెనుకేనోయ్”, అక్కడా అదే. గతకాలమే అని జనం నిట్టూర్చే చోట, కొంచెమే అని భుజం తట్టాడు.

చిన్నప్పుడు మా బడిలో ఈ గేయం లైనులో నిలబెట్టి పాడించేవారు. “కొంచెమేనోయ్” దగ్గర అందరం కుడికాలు నేలకేసి కొట్టేవాళ్ళం. ఆ దుమ్ము నాకు ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది.

ఉప్పుగాలి:
మా విజయనగరం అంటున్నారు, చదువూ కొలువూ మీ దగ్గరే, కాదనను. పుట్టింది మాత్రం మా వైపు, సర్వసిద్ధి రాయవరంలో, 1862లో. అది కూడా రాయండి.

రామతీర్థం:
పుట్టిన ఊరు మీది, పద్యం పుట్టిన ఊరు మాది. 1915లో ఆయన పోయిందీ మా ఊళ్ళోనే. ఇంక దీన్ని పొడిగించను.

సంపెంగ:
“మంచి గతమున కొంచెమేనోయ్”ని ఎక్కడ విరుస్తారు రామతీర్థం గారూ? “మంచి” దగ్గర ఆగితే, గతంలో మంచి కొంచెమే అని. “మంచి గతమున” అని కలిపి చదివితే, గతం మంచిదే, కానీ అటు చూడడం వల్ల కలిగే కార్యం కొంచెమే అని. పై పాదంలో “కార్యమేమోయ్” అని అడిగాడు కదా, దానికి అన్వయం కుదురుతోంది. నేను చాలాకాలం రెండో విధంగానే చదివాను.

రామతీర్థం:
అమ్మా, అలా చదివితే గేయం చల్లారిపోతుంది. “మంచి” తరవాత ఆగాలి. మేం కాలు కొట్టింది ఆ అర్థానికే. మంచి ముందు ఉంది, గతంలో ఉన్నది కొంచెం. అందుకే వెంటనే “మందగించక ముందు అడుగేయ్”.

శకటరేఫ:
ఇద్దరికీ ఆధారాలు ఉన్నాయి. నేను బడిలో మొదటి అర్థమే చెప్పాను, పరీక్షలో రెండోది రాసిన పిల్లకి కూడా మార్కులు వేశాను.

అసలు విషయానికి వస్తాను. ఈ “మె” జనం నోట ఎలా పుట్టిందో నాకు తోచింది చెబుతాను. పక్కనే “మేలు” ఉంది. లము–మే, లము–మే అని నాలుగుసార్లు గట్టిగా అనండి. మే కోసం నోరు ముందే తయారవుతుంది, ము కాస్తా మె అవుతుంది. కంఠతా పట్టినవాళ్ళంతా ఇలాగే జారారు. ఇది పాఠభేదం కాదు, నాలుక చేసిన పని.

సంపెంగ:
నాలుక చేసిందే అయినా, అర్థం లేకుండా నిలబడదు మాస్టారూ. జనానికి ఆ ఏకారం కావలసి వచ్చింది, కాబట్టే నిలిచింది. నోస్టాల్జియా అనే మాట 1688లో ఒక స్విస్ వైద్యుడు జబ్బు పేరుగా పుట్టించాడు, ఇంటికి దూరమై చిక్కిపోయేవాళ్ళ కోసం. మన “ఇంటిబెంగ” అచ్చంగా అదే. ఊరి మీద బెంగ, మనిషి మీద బెంగ అంటాం. కాలం మీద బెంగకి మాత్రం మనకు విడిగా మాట లేదు. ఆ పని ఈ ఏకారం చేస్తోందని నాకు అనిపిస్తుంది. “ఆ రోజులే వేరు” అంటాం. “ఆ రోజులు వేరు” అని చూడండి, బెంగ పోతుంది.

శకటరేఫ:
ఇది బాగా చెప్పావు. కానీ చూడు, పొద్దున్న “మె” ఉంటే అది బెంగ కాదు, విధిలేక ఒప్పుకోవడం అన్నావు. ఇప్పుడు అదే బెంగ అంటున్నావు.

సంపెంగ:
రెండూ ఉన్నాయి మాస్టారూ. సత్యవతికి మొదటిది, ఏడ్రియానాకి రెండోది. అక్షరం ఒక్కటే.

జగదాంబ సెంటర్:
సోమవారం యూనివర్సిటీ వైపు పని ఉంది. కృష్ణా లైబ్రరీలో పాత ముద్రణలు తీయించి చూస్తాను. అధోజ్ఞాపికలో, అంటే పేజీ అడుగు గమనికలో, ఎక్కడైనా “మె” కనిపిస్తే ఫొటో పెడతాను.

ఉప్పుగాలి:
ఈలోగా ఒక సంగతి. సాయంత్రం అమ్మని అడిగాను. ఎనభై నాలుగేళ్ళు. నాన్న ఈ పద్యాలు చదువుతుంటే పక్కన కూర్చుని విని నేర్చుకున్నదే తప్ప, పుస్తకంలో చూసింది కాదు. వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. “అమ్మా, గతకాలము అంటావా, గతకాలమె అంటావా?” అన్నాను. చెయ్యి ఆపకుండా మొత్తం చెప్పింది. చివరి పాదం ఇలా వచ్చింది:

“గతకాలమే మేలొచ్చు కాలము, కంటిన్.”

మళ్ళీ చెప్పించాను. అలాగే చెప్పింది. అర్థం ఏమిటమ్మా అంటే, “వెనకటి కాలంలోనేరా మేలొచ్చింది, నేను కంటిని కదా, చూశాను కదా” అంది. ఇన్నేళ్ళూ ఆవిడకి ఈ పద్యంలో పోలికే లేదు. “కంటెన్” లేదు. చూశానని సాక్ష్యం చెబుతోంది. నాన్న నోట్‌బుక్ తెచ్చి, ఆ గీత ఉన్న పేజీ చూపించాను. “మె కింద గీత ఆయన గీసింది కాదు, నేనే గీశాను, ఆయన అక్కడ రాగం సాగదీసేవారు” అంది. నేను ఆవిడ పాదాన్ని దిద్దలేదు.

రామతీర్థం:
అమ్మగారికి నమస్కారం చెప్పండి. గురజాడని నేను వదలను గానీ, ఆ పాదం మాత్రం రాసిపెట్టుకున్నాను.

సంపెంగ:
మేలు వచ్చు కాలము. మేలొచ్చు కాలము. ఇన్నిసార్లు చదివాం, ఒక్కరికీ వినబడలేదు.

శకటరేఫ:
గణం తప్పింది. “మేలొచ్చు” అనగానే ఆరో చోట జగణం పోయింది, ఎటు సర్దినా కందంలో ఇమడదు. అది చెప్పడం నా బాధ్యత.

ఇంతకీ ఆవిడ చివర “కంటిన్” అని నకారం పలికారా, “కంటి” అని ఆపేశారా? అది తెలిస్తే ఒకటి చెప్పాలని ఉంది. మరోసారి చెప్పించి వినండి బాబూ.

ఉప్పుగాలి:
ఇప్పుడే వెళ్ళాను మాస్టారూ. పళ్ళసెట్టు గ్లాసులో పెట్టేసి పడుకుంది. పొద్దున్న వింటాను.