‘ఫిల్ ఇన్’ అంటే ఫారం నింపడమొక్కటే కాదు

తమ్ముడూ, బరంపురం నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి నెలైనా తిరగకముందే మేనేజరు మిమ్మల్ని ‘కెన్ యూ ఫిల్ ఇన్ ఫర్ హిమ్ ఆన్ శాటర్‌డే?’ అని అడిగారని, మీరు సరేనని చెప్పి ఏదో ఫారం ఇస్తారని ఎదురుచూశారని చదివి మనసు చివుక్కుమంది. నాది పర్లాకిమిడి. వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే సరేనని ఇంట్లో ఉండిపోయాను. నేను వెళ్లనందువల్ల ఆ రోజు ఇద్దరే ముగ్గురి పని చేశారని సోమవారం తెలిసింది.

ఫారం విషయంలో ‘ఫిల్ ఇన్’ అంటే నింపడమే. దాని వెనుక ‘ఫర్’ చేరి ఒక మనిషి ప్రస్తావన వచ్చిందంటే, రాలేని ఆ మనిషి బదులు మీరు పని చేయాలని అర్థం. మన బళ్లలో లీవు వేకెన్సీలో వచ్చే మాస్టారు చేసేది అదే. ‘ఫిల్ మీ ఇన్’ అన్నారా, తాము లేనప్పుడు జరిగినదంతా చెప్పమంటున్నారు.

ఈ చిన్న మాటలను తేలిగ్గా తీసుకోకండి. మన భాషలోనే చూడండి: ‘పట్టు’కు తోడు మాట మారేసరికి పట్టుబట్టినవాడు వదలనివాడు, పట్టుబడినవాడు దొరికిపోయినవాడు. అందుకని ‘ఫిల్ ఇన్ ఫర్’ను మూడు ముక్కలుగా కాక ఒకే మాటగా నేర్చుకోవాలి, దానిని విడదీయరాదు. ఫారానికైతే ‘ఫిల్ ఇట్ ఇన్’ అనాలి, ‘ఫిల్ ఇన్ ఇట్’ అనరు. అమెరికాలో ఫారానికి ‘ఫిల్ అవుట్’ ఎక్కువగా వినిపిస్తుంది.

మా ఊళ్లో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండల్లో ఉండే సవర గిరిజనుల నోట విని వారి భాష నేర్చుకున్నారు. దాని మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. మీరూ విన్న వాక్యాన్ని విన్నట్టే, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో సహా, రాసి పెట్టుకోండి. నిఘంటువు ఆ తర్వాత చూడవచ్చు.

ఇంకొకటి, ఇది మరింత ముఖ్యం. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి చదువుకు ఇచ్చే విద్యార్థి వీసా మీద, తరగతులు నడిచే కాలంలో సాధారణంగా వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది, ఒకరి బదులు చేసిన గంటలూ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి ఈసారి ‘వాట్ టైమ్ ఈజ్ హిస్ షిఫ్ట్?’ అని అడిగి, గంటలు కూడుకుని చూసి, అప్పుడే సరేననండి.

రేపు పనికి వెళ్లగానే మేనేజరుతో ‘సారీ, ఐ మిస్‌అండర్‌స్టుడ్’ అని జరిగింది చెప్పండి. ఆ మాట అనడానికి నాకు వారం పట్టింది. మీరు అంతదాకా ఆగకండి.