ఇరవై రెండు బిల్డింగుల పైకప్పులు: ఏది రిపేరు, ఏది మార్పు, ఏది ముందు?

కీగుత్తి:
సాయంత్రం నుంచి ఈ షీట్‌తో కుస్తీ పడుతున్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా కంపెనీకి సిటీ నలుమూలలా ఇరవై రెండు బిల్డింగులు. గోడౌన్లు, షోరూములు, రెండు ఆఫీసులు. దాదాపు అన్నీ కారుతున్నాయి, కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. పైవాళ్లు అడిగేది: ఏది రిపేరు చేయాలి, ఏది మొత్తం మార్చాలి, ఏది ముందు. మూడేళ్ల ప్లాన్ కావాలట. వయసు ప్రకారం పేర్చాను, అర్థంపర్థం లేకుండా వచ్చింది. ఫిర్యాదుల ప్రకారం పేర్చితే ఎక్కువ గోల చేసే మేనేజర్ బిల్డింగ్ మొదటి వరసలో కూర్చుంది. ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిస్తే ఒకాయన చెప్పిన రేటుకీ ఇంకొకాయన రేటుకీ పొంతనే లేదు. ఇక్కడ వానకి ఒక కాలమంటూ లేదు. ఒక పేటలో కుండపోత, పక్క పేటలో ఎండ. ఇలాంటిది చేసినవాళ్లెవరైనా పద్ధతి చెప్పండి. ఫార్ములా ఉంటే ఇంకా మంచిది.

పాత_మేస్త్రీ:
స్లాబా, రేకులా?

కీగుత్తి:
రెండూ ఉన్నాయి. నాకు కావాల్సింది వరస అన్నా, ఏది దేనితో కట్టారన్నది తర్వాత చూసుకుంటాం.

పాత_మేస్త్రీ:
అది తెలియకుండా వరస లేదు.

తెల్లడాబా:
అందరూ లీకేజీ గురించే మాట్లాడతారు, వేడి గురించి ఎవరూ మాట్లాడరు. నల్ల తారు షీటు ఎండకి పగలంతా కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఆ సాగడం, ముడుచుకోవడంలోనే అతుకులు విడిపోతాయి. ఇరవై రెండింటి మీదా తెల్లటి అక్రిలిక్ పూత వేసేయండి. ఎండని వెనక్కి కొడుతుంది, ఏసీ బిల్లు తగ్గుతుంది, మెంబ్రేన్ (నీళ్లు దిగకుండా కప్పు మీద పరిచే పొర) ఆయుష్షు పెరుగుతుంది. బిల్డింగులున్న వాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఇదే. మీ ప్లాన్‌లో చల్లని కప్పుకి చోటు ఉందా అసలు?

కీగుత్తి:
సర్, కిందికి నీళ్లు కారుతున్నాయి. ఏసీ బిల్లు సంగతి ఎవరూ అడగలేదు.

తూము:
కీగుత్తి గారూ, వయసుతో వరస కుదరదు. పదేళ్లకే చితికిపోయిన కప్పులు చూశాను, ఇరవై ఏళ్లు దాటినా గట్టిగా ఉన్నవీ చూశాను. తేడా అంతా నీళ్లు ఎంతసేపు నిలుస్తున్నాయన్న దగ్గరే. వాన వెలిసిన 48 గంటల తర్వాత కూడా నీళ్లు నిలిచి ఉంటే ఆ కప్పుకి వాలు చాలలేదని అర్థం. అందుకే వెలిసిన రెండో రోజు మనిషిని పైకి పంపండి. మిగిలిన నీళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయించి, లోతు కొలిచి, ఫొటో తీయించండి. మీ షీట్‌లో మొదటి గడి అదే కావాలి.

ఆ మనిషికి ఇంకో మాట చెప్పండి. కప్పు నడిమధ్యలో తిరుగుతూ పగుళ్లు వెతకొద్దు. పిట్టగోడ కలిసే మూల, పైపు పైకొచ్చిన చోటు, ఏసీ స్టాండు కాళ్లు, తూము చుట్టూరా చూడాలి. లీకుల్లో ఎక్కువ భాగం అక్కడివే. మెంబ్రేన్ పిట్టగోడ మీదికి కనీసం 150 మి.మీ. ఎక్కిందా, పై అంచుకి పట్టీ బిగించారా, లేక అంచు విడిపోయి వేలు దూరుతోందా? అంచులు మాత్రమే పోయి మధ్య భాగం బాగుంటే అది రిపేరు. అలాంటి కప్పుని మొత్తం మార్చమన్న కాంట్రాక్టర్‌ని ఎందుకో అడగండి.

మధ్యలో బొబ్బలు లేచి, కాలేస్తే మెత్తగా దిగబడుతుంటే సంగతి వేరు. పొర కింద ఇన్సులేషన్ (వేడి కిందికి దిగకుండా వేసేది) ఉంటే అది తడిసి ఉండొచ్చు. ఎండ బాగా కాసిన రోజు పొద్దుగుంకాక థర్మల్ కెమెరాతో చూస్తే పొడి భాగం త్వరగా చల్లారిపోతుంది, తడి భాగం ఇంకా వేడిగా కనిపిస్తుంది. ఆ బొమ్మని మాత్రం నమ్ముకుని సంతకం పెట్టొద్దు. రెండు మూడు చోట్ల అరచెయ్యంత ముక్క కోసి, చేత్తో పట్టుకుని చూడాలి. నాలుగో వంతుకి మించి తడిసిపోతే అతుకులకి పెట్టే డబ్బు దండగ. ఇది చట్టం కాదు, ఈ పనిలో ఉన్నవాళ్లం వాడుకునే మోటు లెక్క.

చివరగా కప్పు కింద ఏముందో చూడండి. సర్వర్ గది మీదో, కరెంటు ప్యానెల్ మీదో చిన్న చెమ్మ అయినా పెద్ద సంగతే. ఖాళీ పెట్టెలు పడేసే మూలలో బొట్టు బొట్టుగా కారితే బకెట్ పెట్టి ఏడాది లాగొచ్చు. కప్పు పరిస్థితికి 1 నుంచి 5 (5 అంటే మరీ అధ్వాన్నం), కింద ఉన్న సరుకుకి 1 నుంచి 5 (5 అంటే తడిస్తే పెద్ద నష్టం) మార్కులు వేసి గుణించండి, ఎక్కువ వచ్చింది ముందు. మీరడిగిన ఫార్ములా ఇంతకన్నా గొప్పగా ఉండక్కర్లేదు.

పాత_మేస్త్రీ:
తూములు శుభ్రం చేయించడం మూడేళ్ల ప్లాన్‌లో రాయొద్దు. రేపే చేయించు.

తూము:
నూటికి నూరు పాళ్లు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద గంటకి 50 మి.మీ. వాన పడితే 50,000 లీటర్లు. తూము నోట్లో ఒక ప్లాస్టిక్ సంచి ఇరుక్కుంటే ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? సెంటీమీటరు లోతు నీళ్లంటే చదరపు మీటరుకి 10 కిలోల బరువు. ఇనుప డెక్ (మడతల ఇనుప రేకు) మీద వేసిన కప్పయితే బరువుకి వంగుతుంది, వంగిన చోటికి ఇంకా నీళ్లు చేరతాయి, ఇంకా వంగుతుంది. ఇలా కప్పులు కూలిపోవడం కూడా ఉంది. తూము మూసుకుపోతే నీళ్లు బయటికి దూకడానికి పిట్టగోడలో కాస్త ఎత్తున అదనపు కన్నం ఉందో లేదో అన్ని బిల్డింగుల్లోనూ చూడండి.

కీగుత్తి:
ఇది పనికొచ్చేలా ఉంది మేడమ్. ఒక డౌటు. ఒక షోరూమ్ వాన లేని రోజుల్లో కూడా కారుతుంది. దానికి పరిస్థితి మార్కు 5 వేసేయనా?

పాత_మేస్త్రీ:
వాన లేనప్పుడు కారితే చాలావరకు కప్పు కాదు. ముందు ఏసీ చూడు.

కీగుత్తి:
కానీ మరక సరిగ్గా స్లాబ్ కిందే ఉంది.

పాత_మేస్త్రీ:
మరక ఉన్న చోటే కన్నం ఉండదు. సీలింగ్ ప్లేటు ఎత్తి, చల్లగాలి డక్టు మీద చెయ్యి పెట్టు. తడి తగిలితే దాని చుట్టూ తొడుగు చిరిగింది. తగలకపోతే డ్రెయిన్ పైపు చూడు, వాలు లేకుండా వేసుంటారు.

ఒప్పందపత్రం:
మీరందరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. కాంట్రాక్టర్లు ముగ్గురి రేట్లకీ పొంతన లేదన్నారు చూడండి, అసలు తంటా అక్కడుంది. 'రీప్లేస్‌మెంట్' అని ముగ్గురూ రాసి ఉంటారు. ఒకాయన పాతదాని మీదే కొత్త పొర పరుస్తాడు. ఇంకొకాయన పాత పొర లేపి, ఇన్సులేషన్ ఉంచి, పైన వేస్తాడు. మూడో ఆయన స్లాబ్ దాకా ఊడదీస్తాడు. అడిగినప్పుడు ఏ పనో మీరు రాసివ్వలేదు కాబట్టి ఎవరికి తోచిన రేటు వాళ్లిచ్చారు.

పాత_మేస్త్రీ:
పాతదాని మీద వేస్తే దాన్ని మార్చడం అనరు. కప్పడం అంటారు.

ఒప్పందపత్రం:
మీరు అనకపోవచ్చు. కాంట్రాక్టులో ఆ మాట లేకపోతే ఆయన అలాగే అంటాడు, బిల్లూ అలాగే పెడతాడు.

పాత_మేస్త్రీ:
అన్నా తప్పే. కింద తడి ఉంటే దాని మీద పరిచిన కొత్త పొర రెండేళ్లలో బొబ్బలెక్కుతుంది. ఇప్పటికే రెండు పొరలుంటే మూడోది వేయొద్దు, స్లాబ్ ఎంత బరువు మోస్తుందన్న లెక్క వేరే ఉంటుంది.

ఒప్పందపత్రం:
నేను తప్పొప్పులు చెప్పట్లేదండీ, రాతకోతల గురించి చెప్తున్నాను. గ్యారంటీ కూడా అంతే. మెటీరియల్ గ్యారంటీ వేరు, పని గ్యారంటీ వేరు. మొదటిది మాత్రమే ఉంటే లీకైనప్పుడు కొత్త రోల్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు, కూలీ మీదే. నీళ్లు నిలిచిన చోట వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఏసీ వాళ్లొచ్చి స్టాండు కోసం నాలుగు కన్నాలు పొడిచిన రోజున అసలు గ్యారంటీయే పోతుంది. పైకి ఎవరు ఎక్కారు, ఎందుకు ఎక్కారు అని ప్రతి బిల్డింగుకీ ఒక పుస్తకం పెట్టండి. మెట్ల తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి.

తెల్లడాబా:
అక్రిలిక్ పూత వేస్తే ఈ ఊడదీయడాలూ గ్యారంటీ గొడవలూ ఉండవు కదా. నా మొదటి మెసేజ్ ఎవరూ చదివినట్టు లేదు.

తూము:
చదివామండీ. వాలున్న కప్పు మీద, పొడిగా ఉండే చోట తెల్ల పూత మంచిదే, కాదనను. ఈయన కప్పుల మీద నీళ్లు నిలుస్తున్నాయో లేదో ఇంకా తెలీదు. నిలిచే నీళ్లలో అక్రిలిక్ మెత్తబడి పొరలు పొరలుగా లేచిపోతుంది. సిలికాన్ తట్టుకుంటుంది కానీ ఒకసారి వేశాక దాని మీద సిలికాన్ తప్ప వేరేది అతుక్కోదు. పదేళ్ల తర్వాత వేరే పద్ధతికి మారాలంటే మొత్తం గీకాలి.

తెల్లడాబా:
ప్రైమర్ సరిగ్గా వేస్తే అక్రిలిక్ లేవదు. వేసేవాళ్లకి చేతకాక పూతని తిడతారు.

పాత_మేస్త్రీ:
నిలిచే నీళ్లకి మందు పెయింట్ కాదు, వాలు. పని పూర్తయ్యాక 1:80 (ఎనభై అడుగులకి ఒక అడుగు పల్లం) కన్నా తగ్గకూడదు. అది రావాలంటే డ్రాయింగులో 1:40 పెట్టుకోవాలి. స్లాబ్ ఎప్పుడూ గీసినట్టు రాదు.

కీగుత్తి:
సరే సరే. వాన సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక బిల్డింగ్ ఊడదీసి కూర్చున్నాక వానొస్తే?

పాత_మేస్త్రీ:
పొద్దున ఊడదీసింది సాయంత్రానికి మూయాలి. మూయలేనంత ఊడదీయొద్దు.

తూము:
మేస్త్రీ గారు రెండు ముక్కల్లో తేల్చేశారు, నేను కాస్త విప్పి చెప్తాను. కప్పుని భాగాలు చేయండి. ఒక్కో భాగం ఒక పూటలో లేపి, అతికి, పాత పొరతో కలిసే అంచుని రాత్రికి తాత్కాలికంగా సీల్ చేయగలిగేంతే ఉండాలి. లేకపోతే కొత్త మెంబ్రేన్ కిందికే వాన నీళ్లు పాకిపోతాయి. మెంబ్రేన్ పల్లం వైపు నుంచి మొదలెట్టి పైకి పరుచుకుంటూ రావాలి, నీళ్లు అతుకు మీద నుంచి జారిపోయేలా. వేసిన భాగం మీద మళ్లీ బరువులు మోయకుండా దారి ముందే అనుకోండి.

వాన వెలిసింది కదా అని వెంటనే మొదలెట్టేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. స్లాబ్ పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. మూరెడు చదరం ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి, మర్నాడు లేపి చూడండి. అడుగున చెమట పట్టినట్టు బిందువులుంటే, స్లాబ్ రంగు మారితే, ఆ రోజు మెంబ్రేన్ వద్దు.

మీది ఊరంతా విస్తరించిన పని కాబట్టి ఒక లాభం ఉంది. ఒకే కాంట్రాక్టర్‌కి దూరదూరంగా ఉన్న రెండు బిల్డింగులు కలిపి ఇవ్వండి. ఒకచోట వాన పడితే రెండోచోటికి మనుషులు కదులుతారు. రెండుచోట్లా పడితే సీలింగ్ పని, ఏసీ పైపులు, లోపలి మరకల పని చేయించుకోవచ్చు. వాన వల్ల ఆగిన రోజులకి ఎవరు ఎంత భరించాలో ముందే రాసుకోండి. ఒప్పందపత్రం గారు దీని మీద ఇంకో వ్యాసం రాయగలరు.

ఒప్పందపత్రం:
రాస్తాను. ముందు ఒకటి చెప్పండి కీగుత్తి గారూ, ఇరవై రెండూ మీ సొంతవేనా?

కీగుత్తి:
ఆరు అద్దెవి.

ఒప్పందపత్రం:
ఇది ఇప్పుడా చెప్పేది! అద్దె ఒప్పందంలో కప్పు, బయటి గోడల బాధ్యత ఎవరిదో చూడకుండా ఆ ఆరింటికీ మార్కులెందుకు వేస్తున్నారు? ఓనర్ బాధ్యతైతే మీరు చేయాల్సింది లిఖితపూర్వకంగా తెలియజేయడం, ఫొటోలు జతచేయడం. మీరే పైకెక్కి మెంబ్రేన్ పరిస్తే, రేపు ఏది పాడైనా మీ మీదికే వస్తుంది. మీ బాధ్యతే అయితే, లీజు ఇంకెన్నేళ్లుంది? రెండేళ్లలో ఖాళీ చేసే చోట మొత్తం మార్చడం ఎందుకు?

కీగుత్తి:
లీజు కాగితాలు లీగల్ వాళ్ల దగ్గరున్నాయి. అడుగుతాను.

రేకులషెడ్:
నాదీ గోడౌన్లే, ఒక మాట. రేకుల్లో ముందు స్క్రూలు చూడండి. తల కింద రబ్బరు వాషర్ ఎండిపోయి పగిలి ఉంటుంది, రేకు బాగానే ఉంటుంది. స్క్రూ మార్చి కొంచెం లావుది వేస్తే సగం లీకులు పోతాయి. పాత సిమెంటు రేకులైతే మాత్రం వాటి మీద ఎవరినీ నడవనివ్వొద్దు, విరిగి కింద పడతారు. ఆస్బెస్టాస్ ఉంటే డ్రిల్లు పెట్టొద్దు, ప్రెషర్ వాటర్ కొట్టొద్దు, దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. దానికి వేరే మనుషులుంటారు.

పాత_మేస్త్రీ:
అందుకే మొదట అడిగింది, స్లాబా రేకులా అని.

కీగుత్తి:
తొమ్మిది రేకులవి, పదమూడు స్లాబు. అద్దెవి పక్కన పెడితే లిస్టు పదహారుకి దిగింది, కొంచెం ఊపిరి ఆడుతోంది. తూములకి మనిషిని పంపుతున్నా. థాంక్స్ అందరికీ.

తెల్లడాబా:
పూత సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.

కొత్తగా_చేరా:
నాదీ ఇలాంటిదే. కప్పు మీద సోలార్ ప్యానెళ్లున్నాయి. అవి తీయకుండా కింద మెంబ్రేన్ మార్చొచ్చా?

పాత_మేస్త్రీ:
మార్చలేరు.

కొత్తగా_చేరా:
మరి ఎలా అన్నా?