కాలనీ దారి ఫైర్ స్టేషన్ ముందు నుంచే – అర్జీ ఎవరికి పెట్టాలి? (తిరుపతి)

కాలనీ సెక్రటరీ:
పొద్దున్నుంచి ఇదే పనిమీద ఉన్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా కాలనీ వాళ్ళు మెయిన్ రోడ్డెక్కాలంటే ఫైర్ స్టేషన్ ముందు నుంచే పోవాలి. స్కూల్ ఆటోలు, గ్యాస్ బండి, పాలవాళ్ళు అందరికీ అదే దారి. నిన్న సాయంత్రం బెల్ కొట్టి ఫైరింజన్ బయలుదేరేసరికి ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లలు సైకిళ్ళతో దానికి అడ్డం పడ్డారు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆన్‌లైన్‌లో అర్జీ పెడదామంటే శాఖ ఎంచుకోమంటుంది. ఒక ఆఫీసులో అడిగితే పక్క ఆఫీసంటారు, పక్కాఫీసులో అడిగితే మాకేం సంబంధమంటారు. ఎవరికి పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి. అర్జెంట్.

కరకంబాడి రోడ్డు:
ఏ స్టేషన్ సామీ?

కాలనీ సెక్రటరీ:
స్టేషన్ పేరెందుకులెండి. అక్కడ పనిచేసేవాళ్ళు మంచోళ్ళే. వాళ్ళమీద కంప్లైంట్ కాదు.

రిటైర్డ్ ఏఈ:
అర్జీ ఎవరికి పెట్టినా సరే, అక్కడ స్పీడ్ బ్రేకర్ వేయమని మాత్రం రాయకండి. మన ఊళ్ళో అన్ని రోగాలకూ అదే మందైపోయింది. బండి ట్యాంకులో నాలుగున్నర వేల లీటర్లుంటే నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు. గేటు దాటగానే దిబ్బెక్కి దిగితే ఆ నీళ్ళన్నీ లోపల ఊగుతాయి, డ్రైవర్ మళ్ళీ మొదటి గేరులోకి రావాలి. స్పీడ్ బ్రేకర్ ఎక్కడ వేయాలో, ఎంత ఎత్తుండాలో చెప్పడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 99 అని ఒకటుంది. చదివినవాడెవడు? రాత్రికి రాత్రి ఇంత తారు కుప్ప పోస్తారు, దానిమీద తెల్లరంగు కూడా ఉండదు.

కరకంబాడి రోడ్డు:
ఆయన స్పీడ్ బ్రేకర్ అడగలేదు సార్.

రిటైర్డ్ ఏఈ:
అడుగుతారు. నా సర్వీసులో ఇలాంటి ప్రతి అర్జీ చివరికి అక్కడికే వచ్చింది.

లా పాయింట్:
మోటారు వాహనాల చట్టం, 2019 సవరణ, సెక్షన్ 194ఇ. ఫైరింజన్‌కు, అంబులెన్సుకు పక్కకు తప్పుకోని డ్రైవర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. బోర్డు మీద రాసి పెట్టండి.

లెక్కల టీచరమ్మ:
ఆరో తరగతి పిల్లలు సైకిల్ మీద పోతుంటే వాళ్ళకీ సెక్షన్ చూపిస్తారా? సెక్రటరీ గారూ, రోడ్డు వెడల్పెంత? బండ్లు పెడతారా అక్కడ?

కాలనీ సెక్రటరీ:
30 అడుగులమ్మా. రెండు పక్కలా కార్లుంటాయి. ఒక టిఫిన్ బండి కూడా.

లెక్కల టీచరమ్మ:
30 అడుగులంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు. రెండు వైపులా కార్లకు మీటరుముప్పావు చొప్పున తీసేస్తే మిగిలేది ఐదున్నర. ఫైరింజన్‌కు రెండున్నర దాకా కావాలి. నేరుగా పోవడానికైతే చాలు. గేటులోంచి బయటికొచ్చి అంత పొడుగు బండి తిరగాలంటే చాలదు, ఒకసారి వెనక్కి తీసుకోవాల్సిందే. ముందు కార్లు తీయించండి.

పాత డ్రైవర్:
నేను ఫైర్‌లోనే డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. అందరూ బయటికి పోయే బండి గురించే మాట్లాడుతున్నారు. పోయేటప్పుడు సైరన్ ఉంటుంది, జనం పక్కకు తప్పుకుంటారు. నాకు భయం తిరిగొచ్చేటప్పుడే. ఎండాకాలం గడ్డివామో చెరకుతోటో ఆర్పి వస్తాం, ఒళ్ళంతా మసి, కళ్ళు మూతలు పడుతుంటాయి. అప్పుడు సైరన్ వేయం. బండిని రివర్స్‌లో షెడ్డులో పెట్టాలి. వెనక ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతుంటాడు. ఆ మనిషికీ బండికీ మధ్యలోంచి స్కూటర్ దూర్చేవాళ్ళను ఎంతమందిని చూశానో. ఇంకొకటి, పొద్దున డ్రిల్లుకు పైపులు నేలమీద పరుస్తాం. వాటిమీదుగా ఆటో ఎక్కిస్తే పైపు పాడవుతుంది. ఇంతకీ మీ దారి స్టేషన్ గోడ బయటా, లోపలా?

కాలనీ సెక్రటరీ:
లోపలే కదండీ. వెనక గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. షెడ్ల ముందు నుంచి ముందు గేటుకొచ్చి, అక్కడి నుంచి ఆ 30 అడుగుల రోడ్డెక్కుతాం. ముందు నుంచే పోవాలని మొదటే చెప్పాను.

కరకంబాడి రోడ్డు:
ఓరి దేవుడా.

లెక్కల టీచరమ్మ:
ఇదా ఇప్పుడు చెప్పేది!

లా పాయింట్:
అయితే కేసు వేరు. ఏళ్ళ తరబడి నడుస్తుంటే దారి హక్కు వస్తుంది. 1882 ఈజ్‌మెంట్ చట్టం, సెక్షన్ 15. మామూలుగా 20 ఏళ్ళు, ప్రభుత్వ స్థలమైతే 30. కాలనీ ఎప్పటిది?

కరకంబాడి రోడ్డు:
గేటు తీసి పోనిస్తే అది అనుమతి. హక్కెట్లా అవుతుంది?

లా పాయింట్:
ఎవరైనా రాతపూర్వకంగా అనుమతిచ్చారా? ఇవ్వకపోతే అది హక్కు కింద వాడుకున్నట్టే అని వాదించొచ్చు.

కరకంబాడి రోడ్డు:
వాదించొచ్చు సామీ, కోర్టు చుట్టూ తిరగనూ తిరగొచ్చు.

లెక్కల టీచరమ్మ:
మీరు గెలిస్తే ఏమవుతుంది? పిల్లలు ఫైరింజన్ చక్రాల ముందే తిరిగేలా కోర్టు ఆర్డరొస్తుంది. ఆయన అడిగింది అదా?

రిటైర్డ్ ఏఈ:
స్పీడ్ బ్రేకర్ సంగతి పక్కన పెట్టి చెబుతున్నా. అప్రోచ్ రోడ్డు చూపించకుండా లేఅవుట్‌కు ఆమోదం రాదు. మీది తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుటైతే ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ ఉంటుంది, ఆ ప్లాన్‌లో కాలనీకి దారి ఎటు చూపించారో చూడండి. ఫైర్ స్టేషన్ లోపలి నుంచి చూపించి ఉండరు, నాదీ పూచీ.

కాలనీ సెక్రటరీ:
ప్లాన్ నా దగ్గరే ఉంది. పడమర వైపు 40 అడుగుల రోడ్డుంది. కానీ దానిమీద రేకుల షెడ్డు, ఇసుక కుప్పలు. ఎవరూ అటు పోరు.

రిటైర్డ్ ఏఈ:
ఇంకేం, మీ అర్జీ దాని గురించే. ఫైర్ స్టేషన్ పేరుతో పెడితే మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. ‘లేఅవుట్ రోడ్డు ఆక్రమణ తొలగించాలి’ అని టౌన్ ప్లానింగ్‌కు రాయండి. ప్లాన్ కాపీ, సర్వే నంబర్, ఫొటోలు జత చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో ఇచ్చి రసీదు నంబర్ తీసుకోండి. ఎక్కడిదాకా వచ్చిందో 1100కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఫైర్ ఆఫీసర్‌కూ ఒక కాపీ ఇవ్వండి, ఆయనా రాస్తే బరువుంటుంది.

పాత డ్రైవర్:
అంతదాకా వెనక గేటులో మనిషి పట్టేంత సందు వదిలి బండ్లు రాకుండా కట్టేయమనండి. నడిచే పిల్లలను గోడ పక్కగా పోనివ్వొచ్చు, షెడ్ల ముందుకు మాత్రం రానివ్వకూడదు. ముందు గేటు బయట రోడ్డుమీద బండ్లు ఆగకూడదని పసుపు గీతల పెట్టె గీయించి, టిఫిన్ బండిని దూరంగా జరిపించండి.

కాలనీ సెక్రటరీ:
గేటు కట్టేస్తే మా కార్లెట్లా పోవాలి? అసోసియేషన్లో నన్ను బతకనివ్వరు.

కరకంబాడి రోడ్డు:
ఇసుక కుప్పల మీద నుంచి. రెండ్రోజులు అట్లా పోతే వాళ్ళే వచ్చి అర్జీ మీద సంతకాలు పెడతారు.

లా పాయింట్:
అయినా సెక్షన్ 15 ప్రస్తావిస్తూ ఒక నోటీసు ఇచ్చి పెట్టుకుంటే నష్టం లేదు.

లెక్కల టీచరమ్మ:
బ్రహ్మోత్సవాలకు ముందే తేల్చుకోండి. మ్యాపులో షార్ట్‌కట్ కనిపిస్తే యాత్రికుల జీపులు కూడా అందులోకే వస్తాయి.

కాలనీ సెక్రటరీ:
సరే, సోమవారం పోతా. థాంక్స్.

అవిలాల కుర్రోడు:
అన్నా, ఆ లేఅవుట్లో సైట్లేమైనా అమ్మకానికున్నాయా? పడమర రోడ్డు వైపు.