ఆఫ్రికాలో మలావీ ఆసుపత్రి రిపేర్ వర్క్‌షాపుకి వాలంటీరుగా వెళ్తన్నా, ఏటి పట్టుకెళ్లాలి?

మాది పలాస అన్నలూ, ఉద్దానంలో డయాలిసిస్ మెషీన్లు రిపేర్ చేస్తుంటాను. ఆరు నెలలకి మలావీ వెళ్తన్నా, అక్కడ జిల్లా ఆసుపత్రిలో గదినిండా పాడైపోయిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లేనట (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మెషీన్లు), దేంతో మొదలెట్టాలో తెలీట్లేదు.

జవాబు: తమ్ముడూ, మొదటి వారం రిజిస్టర్ రాయి, ఏ మెషీన్ ఏ వార్డుది, ఎప్పుడాగిందీ అన్నీ. ఆక్సిజన్ ఎనలైజర్ తప్పకుండా పట్టుకెళ్లు, మెషీన్ నుంచొచ్చే గాలిలో ఆక్సిజన్ 82 శాతం కంటే తగ్గితే రోగికి పెట్టకు. టాంజానియాలో నేను ఒకదాని వెనక ఫిల్టర్ లాగితే దుమ్ము దుప్పట్లా ఊడొచ్చింది, కడిగి పూర్తిగా ఆరబెట్టాకే బిగించాను, లోపల నైట్రోజన్‌ని పట్టేసే జియోలైట్ గుళికలకి తేమ తగిలితే మాత్రం మార్చాల్సిందే.

ఇంకో జవాబు: మాది బొబ్బిలి. కరెంటు మనలాగే 230 వోల్టులే గానీ ప్లగ్గు పిన్నులు చదరంగా ఉంటాయి, అడాప్టర్లు కొనుక్కో. అక్కడి కుర్రాళ్ల చేతే విప్పించు బాబూ, నువ్వొచ్చేసాక నడపాల్సింది వాళ్లే కదా.

చాలా థాంక్స్ అన్నా, ఎనలైజర్ రేపే ఆర్డర్ పెడతాను.