సర్వేలా, పాత ఫలితాలా: అసెంబ్లీ ఎన్నికల్లో దేన్ని నమ్మాలి?

గోదారిగట్టు:
ఎన్నికలు వస్తే చాలు, టీవీల్లో సర్వేల మీద గంటలు గంటలు చర్చ. నన్నడిగితే పాత ఫలితాలు చూసుకుంటే సరిపోతుంది. రాజస్థాన్‌లో 1998 నుంచి ప్రతిసారీ ప్రభుత్వం మారుతూనే ఉంది. 2023లో ఎగ్జిట్ పోల్స్ తలో మాటా చెప్పాయి. చివరికి పాత ఆనవాయితీయే నిలిచింది, బీజేపీ గెలిచింది. అదే రోజు ఛత్తీస్‌గఢ్‌లోనూ లెక్కింపు జరిగింది. ఎక్కువ సర్వేలు కాంగ్రెస్ అన్నాయి. 90 సీట్లలో 54 బీజేపీకి పోయాయి.

వేపచెట్టు:
మరి కేరళ సంగతేంటండీ? 1982 నుంచి 2016 దాకా ప్రతి ఎన్నికలోనూ కూటమి మారింది. 2021లో అధికారంలో ఉన్న వామపక్షాల కూటమి ఎల్డీఎఫ్ 140కి 99 గెలిచి మళ్లీ వచ్చింది. ఎగ్జిట్ పోల్స్ దాదాపు అన్నీ అదే చెప్పాయి. ఆనవాయితీని నమ్ముకున్నవాళ్లే దెబ్బతిన్నారు.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ ఒకటి రెండు ఉదాహరణలు పట్టుకుని వాదిస్తున్నారు. నేను కొన్నేళ్ల కిందట ఒక సంస్థ తరఫున ఊళ్లు తిరిగి సర్వే చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. మధ్యాహ్నం వెళ్తే సగం ఇళ్లకు తాళాలు. సాయంత్రానికి ఫారాల లెక్క చూపించాలి, కాబట్టి మిగిలినవి టీ కొట్టు దగ్గర పూర్తిచేసేవాళ్లం. అక్కడ అందరూ మగవాళ్లే. ఒక ఇంట్లో ఒకావిడ చాటలో బియ్యం ఏరుతూ ఒక పార్టీ పేరు చెప్పింది. పక్కింటాయన లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించి, "ఇందాక రాసింది కొట్టేయ్ బాబూ" అంది.

అంతా సక్రమంగా చేసినా వెయ్యి మంది శాంపిల్‌లో 3 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. 2024 హర్యానాలో బీజేపీకీ కాంగ్రెస్‌కీ ఓట్లలో తేడా ఒక్క శాతం కూడా లేదు. సీట్లు మాత్రం 48, 37. ఆ తేడాను ఏ సర్వే పట్టుకోగలదు? ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్ గెలుస్తుందన్నాయి.

అలాగని పాత లెక్కలు గట్టివా? మన ఆంధ్రనే చూడండి. 2019లో వైసీపీకి దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు. టీడీపీకి 39, జనసేనకు 5 పైచిలుకు, బీజేపీకి ఒక శాతం లోపు. మూడూ కలిపినా వైసీపీని దాటవు. పాత లెక్క ప్రకారం 2024లో ఈ మూడూ కట్టిన కూటమి ఓడిపోవాలి. జరిగింది వేరు: కూటమికి 164, వైసీపీకి 11. ఆ పదకొండూ 39 శాతం ఓట్లతో వచ్చినవి!

అందుకే సర్వేలో గాలి ఎటు వీస్తోందో, ఓట్ల శాతం ఎంతో చూస్తాను. సీట్ల అంకె అసలు పట్టించుకోను, టీవీలో పెద్దక్షరాలతో వేసేది అదే అయినా సరే. పాత ఫలితాలను నియోజకవర్గాలవారీగా, ఎవరు ఎంత మెజారిటీతో గెలిచారో తెలుసుకోవడానికి వాడతాను.

గోదారిగట్టు:
ఆంధ్ర లెక్క ఒప్పుకుంటున్నాను మాస్టారూ, నేను అలా కలిపి చూడలేదు. ఇంతకీ ఆవిడ చెప్పింది కొట్టేశారా?

లెక్కలమాస్టారు:
కొట్టేశాను. ఇంకో పేరు చెప్పలేదు, అందుకని "ఇంకా తేల్చుకోలేదు" గడిలో వేశాను. ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది.