1967 ఆఫ్రికా కప్పు మజెంబే గెలిచిందా, ఊరికే చేతికొచ్చిందా?

చివరి_బెంచీ:
నిన్న ఇక్కడే ఒకాయన టీపీ మజెంబే గురించి రాస్తూ "అయిదుసార్లు ఆఫ్రికా చాంపియన్" అన్నారు. 1967, 1968, 2009, 2010, 2015. తర్వాతి నాలుగూ సరే, మొదటిదాని మీదే నా పేచీ. తెలియనివాళ్ల కోసం: కాంగోలో రాజధాని కిన్షాసాకి ఎక్కడో దూరంగా, రాగి గనుల కటాంగా ప్రాంతంలో ఉన్న లుబుంబాషి ఊరి ఫుట్‌బాల్ జట్టు ఇది. కప్పంటే ఆఫ్రికా క్లబ్బుల కప్పు, దేశాలది కాదు. 1939లో బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసులు మొదలుపెట్టారు. 1967 నాటికి ఎంగ్లెబెర్ అనే టైర్ల కంపెనీ పేరుతో ఆడుతోంది. ఆ ఏడాది ఫైనల్లో ఎదురుగా ఘనా జట్టు అసాంటే కొటోకో. వాళ్ల ఊరు కుమాసీలో 1-1, కిన్షాసాలో 2-2. తేలలేదని కామెరూన్‌లో మూడో మ్యాచ్ పెట్టారు. కొటోకో రాలేదు. మ్యాచ్ ఉందన్న సంగతి వాళ్లకి సొంత దేశపు ఫుట్‌బాల్ సంఘమే చెప్పలేదు మరి! కప్పు ఎంగ్లెబెర్‌కి ఇచ్చేశారు. రెండు ఫైనల్ మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవకుండా వచ్చిన కప్పుని గెలుపంటారా?

పెనాల్టీ_పంతులు:
అంటాం. మా ఊరి సంక్రాంతి టోర్నమెంట్‌లో కూడా టైముకి గ్రౌండులో లేకపోతే వాకోవరే. ఘనాలో ఆఫీసువాళ్లు కబురు మింగేస్తే లుబుంబాషి కుర్రాళ్లు ఏం చేస్తారు? పైగా మరుసటి ఏడాదే ఫైనల్లో టోగో దేశపు లోమే జట్టు ఎత్వాల్ ఫిలాంత్ మీద 5-0 కొట్టారు. అవతలి ఊళ్లో 4-1తో ఓడినా మొత్తం 6-4. కప్పు నిలబెట్టుకున్న మొదటి జట్టు వాళ్లే. 67 నుంచి 70 దాకా వరసగా నాలుగు ఫైనల్స్. వాకోవర్లతో అన్నిసార్లు ఫైనల్‌కి రారు బాబూ.

చివరి_బెంచీ:
పంతులు గారూ, ఆ నాలుగో ఫైనల్ ఎవరితోనో మీరు దాటేశారు. 1970లో మళ్లీ కొటోకోనే. కుమాసీలో మళ్లీ 1-1. ఈసారి కొటోకోకి కబురందింది, కిన్షాసా వెళ్లి 2-1తో కప్పు పట్టుకెళ్లారు.

పెనాల్టీ_పంతులు:
మూడేళ్ల తర్వాత వచ్చిన మార్కులు పాత పరీక్షలో కలుపుతారా? కిన్షాసా వాళ్ల సొంతూరు కూడా కాదు. లుబుంబాషికి దాదాపు 1500 కిలోమీటర్లు.

గోదారి_లెఫ్ట్‌వింగ్:
మధ్యలో దూరుతున్నా. కాగితం మీద లెక్కేశాను. అవే గోల్ నిబంధన (మొత్తం గోల్స్ సమానమైతే పరాయి ఊళ్లో ఎక్కువ కొట్టినవాళ్లదే గెలుపు) 67లో ఆ కప్పుకి పెట్టి ఉంటే మూడో మ్యాచే లేదు. పరాయి ఊళ్లో కొటోకోవి 2, ఎంగ్లెబెర్‌ది 1. కప్పు ఘనాకి. ఇప్పుడు 2009 చూడండి. నైజీరియా జట్టు హార్ట్‌లాండ్‌తో ఓవెరిలో 2-1 ఓటమి, లుబుంబాషిలో 1-0 గెలుపు, అదీ అవతలివాళ్లు తమ గోల్‌లో తామే వేసుకున్నది. మొత్తం 2-2, అవే గోల్ లెక్కన మజెంబే. నిబంధన లేనప్పుడూ వాళ్లకే, ఉన్నప్పుడూ వాళ్లకే. క్లబ్బు గుర్తులో మొసలి బంతిని నోట కరుచుకుని ఉంటుంది. దొరికింది వదలదన్నమాట.

మధ్యాహ్నం_మ్యాచ్:
మీ గొడవ మీది గానీ, నాకు మజెంబే అంటే 2010 డిసెంబరు, అబుదాబి. క్లబ్ వరల్డ్ కప్‌లో మెక్సికో జట్టు పచుకా మీద 1-0, బ్రెజిల్ ఇంటర్నాసియోనల్ మీద 2-0. యూరప్, దక్షిణ అమెరికా కాని జట్టు ఆ ఫైనల్‌కి రావడం అదే మొదలు. గోల్ పడగానే కీపర్ కిడియాబా నేల మీద కూలబడి, కాళ్లు చాపుకుని, పిర్రల మీద టప్ టప్ మని ఎగురుకుంటూ పోతాడు. మా చిన్నోడు వారం పాటు హాల్లో అదే పని. ఫైనల్లో ఇంటర్ మిలాన్ 3-0తో కొట్టింది, అది వేరే సంగతి. 67 కప్పు తీసేస్తే ఇవేవీ పోవుగా, ఎందుకంత టెన్షన్?

చివరి_బెంచీ:
అదంతా మోయిజ్ కటుంబి డబ్బు మహిమ. 1997 నుంచీ క్లబ్బు అధ్యక్షుడు, 2007 నుంచి 2015 దాకా కటాంగా గవర్నర్ కూడా.

పెనాల్టీ_పంతులు:
డబ్బుంటే 2011లో ఏమైంది? టాంజానియా సింబా జట్టుని 3-1, 3-2తో రెండుసార్లూ ఓడించారు. అర్హత లేని ఆటగాణ్ని దింపారని చాంపియన్స్ లీగ్ (ఈ కప్పుకే ఇప్పటి పేరు) నుంచి గెంటేశారు. గ్రౌండులో గెలిచింది కాగితం మీద పోయింది. ఆ నిర్ణయం మీకు ఓకేనా, కాదా?

చివరి_బెంచీ:
ఓకే. రూలు రూలే.

పెనాల్టీ_పంతులు:
మరి 67లోనూ రూలు రూలే కదా నాయనా.

చివరి_బెంచీ:
...సరే, రికార్డులో ఉండనివ్వండి. నా లెక్కలో మాత్రం దాని పక్కన చుక్క ఉంటుంది. అయిదుంటే ఈజిప్టు జట్టు జమాలెక్‌తో సమానం, నాలుగైతే ట్యునీషియా జట్టు ఎస్పెరాన్స్‌తో. చుక్కతో వాళ్లిద్దరి మధ్యన కూర్చోబెడతా.

గోదారి_లెఫ్ట్‌వింగ్:
ఇంతకీ ఆ మూడో మ్యాచ్ సంగతి కొటోకోకి ఇప్పటికైనా ఎవరైనా చెప్పారా?